పుత్తూరులో దిగని రోజు

నగరిలో బస్సు కదిలిన కుదుపుకు జాహ్నవి కాలు పక్క సీటాయన ఒళ్లోని బుట్టకు తగిలింది. లోపల ఏదో చిట్లిన చప్పుడయింది.

“గుడ్లు తల్లీ, గుడ్లు!” అన్నాడాయన నవ్వుతూనే.

“సూసుకోని పెట్టుకోవల్ల గదప్పా! బిడ్డ కాలికి అడ్డంగా పెట్టుకుంటే తగలదా?” సంతోషమ్మ గయ్యిమంది.

తప్పు తన మనవరాలిదేనని ఆమెకు తెలుసు. కానీ పొద్దున్నుంచి ఎవరో ఒకరి మీద అరవకపోతే ఏడుపొచ్చేలా ఉంది.

జాహ్నవి ఎడమ పాదం పుట్టుకతోనే లోపలికి తిరిగి ఉంది. నాలుగేళ్ల పిల్ల పాదం అంచు మీదే నడుస్తుంది. రేపు తిరుపతి ఆస్పత్రిలో ఆపరేషన్. ఈరోజు మధ్యాహ్నంలోగా వెళ్లి చేరాలి.

కోడలు ఉదయలక్ష్మి కొన్నాళ్లుగా అదే పనిలో ఉంది. పిండికట్టు మీదికి వచ్చేలా వదులు గౌన్లు కుట్టింది. మగ్గం దగ్గర మిగిలిన గుడ్డముక్కలతో ఒక బొమ్మ చేసి, నీకూ దీనికీ ఒకేరోజు కాలు బాగుచేస్తారని చెప్పి పిల్ల భయం పోగొట్టింది. ఇక ఇంట్లో ఉన్న భయమంతా సంతోషమ్మ దగ్గరే చేరింది.

పసిదాని కాలి మీద కత్తి పెడతారంటే ఆమెకు ముద్ద దిగడం లేదు. దారిలో పుత్తూరులో దిగి, ఎముకలకు కట్టు కట్టే పెద్దాయనకు చూపించాల్సిందేనని కొడుకు దగ్గర పట్టుబట్టింది. అమ్మ మాట కాదనలేక ధనంజయ తలూపాడు. ఉదయలక్ష్మి మాత్రం బస్సెక్కిన దగ్గర్నుంచీ కిటికీ వైపు తిప్పిన ముఖం ఇటు తిప్పలేదు.

“నీ బొమ్మ పేరేంది తల్లీ?” గుడ్లాయన పిల్లను అడిగాడు.

“దాని పేరు గూడా జాహ్నవే. దానికి గూడా కాలు ఆపరేషను.”

“అట్లనా? మరి కట్టేదీ?”

ఆయన చేతిసంచిలోంచి గుడ్డపీలిక ఒకటి తీసి, బొమ్మ కాలికి చుట్టి చకచకా ముడేశాడు. పిల్ల కిలకిలా నవ్వి, తన కాలు కూడా తెచ్చి ఆయన ఒళ్లో పెట్టింది.

ఆయన పాదాన్ని చేతిలోకి తీసుకుని మడమ దగ్గర మెల్లగా నొక్కి చూశాడు. ముఖంలో నవ్వు పోయింది.

“డాక్టరు ఏమన్నాడమ్మా?”

“ఇప్పుడే చెయ్యాలన్నాడు. వయసు పెరిగేకొద్దీ ఎముక గట్టిపడిపోతాదంట. ఈరోజు చేరకపోతే మంచం వేరేవాళ్లకు ఇచ్చేస్తారు. మళ్లా ఎప్పుడో ఏమో...” కిటికీ వైపు చూస్తూనే అంది ఉదయలక్ష్మి.

“ఆపరేషనూ వద్దు, ఏమీ వద్దు. పుత్తూరులో దిగేస్తాం” అంది సంతోషమ్మ. “పెద్దాయన్ని నేనెప్పుడూ సూళ్లేదు గానీ, మా అన్న చెయ్యి ముక్కలైతే ఆయన కట్టుతోనే కుదురుకునింది. ఈ కాలెంత ఆయనకు?”

“విరిగింది వేరేక్కా. ఈ పాప కాలు విరిగింది కాదు గదా.”

“గుడ్లమ్ముకునే నీకేం తెలుసప్పా?”

ఆయన నొచ్చుకోలేదు. “అయినా ఈరోజు దిగి లాభం లేదక్కా. పెద్దాయన ఊర్లో లేడు. సిత్తూరులో పెండ్లంటే పోయినాడు” అన్నాడు.

“అయ్యో! ఎప్పుడొస్తాడు?”

“నాలుగైదు దినాలు పడతాదేమో.”

ఎవరి పెండ్లో ఏమో, ఆ పెండ్లివాళ్లను సంతోషమ్మ నోటికొచ్చినట్టు తిట్టింది. ధనంజయ ఊపిరి పీల్చుకున్నాడు. ఉదయలక్ష్మి మొదటిసారి ముఖం ఇటు తిప్పింది.

పుత్తూరులో ఆయన బుట్ట పట్టుకుని దిగాడు. కిటికీ దగ్గరికొచ్చి, “నీ కట్టు తీసినప్పుడే బొమ్మ కట్టూ తియ్యల్ల, సరేనా?” అని జాహ్నవికి చెప్పాడు. సంతోషమ్మ మూతి తిప్పుకుంది.

ఆపరేషన్ బాగా జరిగింది. పిండికట్టు తీసిన రోజు జాహ్నవి బొమ్మ కట్టు కూడా విప్పించింది. తర్వాత పాదం మొత్తం నేల మీద ఆనించి నిలబడింది. సంతోషమ్మ ఆ పాదాన్ని పట్టుకుని తనివితీరా ఏడ్చింది. కత్తి పెట్టిన డాక్టరును చల్లగా ఉండమని దీవించింది.

మామిడికాయల కాలానికి పిల్లను పట్టుకోవడం ఎవరి తరమూ కాలేదు. దాని వెంటపడి పరుగెత్తుతూ సంతోషమ్మే వాకిట్లో జారి పడింది. మణికట్టు విరిగింది.

“ఆస్పత్రికి పోదామా, పుత్తూరికా?” అన్నాడు ధనంజయ.

“విరిగిందానికి పుత్తూరే గదరా” అంది సంతోషమ్మ. ఆ మాట ఎక్కడ విన్నదో ఆమెకు గుర్తు లేదు. ఈసారి ఉదయలక్ష్మి కూడా నవ్వుతూ తలూపింది.

కట్టు కట్టే చోట జనం నిండుగా ఉన్నారు. సంతోషమ్మ పక్కనున్నామెను అడిగింది.

“పెద్దాయన ఈరోజన్నా ఉండాడా? ఏ పెండ్లికో పోలేదు గదా?”

“ఆయన పెండ్లికి పోవడమా? సొంత కూతురి పెండ్లి దినం గూడా పందిట్లోంచి లేసొచ్చి కట్లు కట్టినాడక్కా!”

సంతోషమ్మకు ఏమీ అర్థం కాలేదు. ఇంతలో వాళ్ల వంతు వచ్చింది. జాహ్నవి అందరికంటే ముందు లోపలికి పరుగెత్తింది.

“అవ్వా! గుడ్ల తాత!”

చాప మీద ఆయనే కూర్చుని ఉన్నాడు. పక్కన అదే బుట్ట, ముందు గుడ్డుసొన, ఆకుపసరు కలిపిన గిన్నె. ఆయన సంతోషమ్మ చేతిని చూడలేదు. ముందు జాహ్నవి పాదాలను చూశాడు. రెండూ నేల మీద తిన్నగా ఆని ఉన్నాయి. ఆయన కళ్లు చెమర్చాయి.

సంతోషమ్మ విరిగిన చెయ్యి ముందుకు చాపింది.

ఆయన ఆ చేతిని జాగ్రత్తగా ఒళ్లో పెట్టుకుని, “దిగులుపడొద్దక్కా, పెద్దాయన ఈరోజు ఊర్లోనే ఉండాడు” అన్నాడు.