దొంగ స్విచ్

వాడపల్లి సంగమంలో భర్త అస్థికలు కలిపి, భాగ్య ఒక్కతే కారులో సూర్యాపేటకు తిరిగి వస్తోంది. పెన్‌పహాడ్ దాటాక చీకట్లో రోడ్డు పక్కన ఆపి, దిగి, సీసాలో నీళ్లతో ముఖం కడుక్కుంది. ఏడుపు రాలేదు. పది రోజులుగా రావడం లేదు.

మళ్లీ కూర్చుని తాళం తిప్పితే కారు స్టార్ట్ కాలేదు. మెకానిక్ జగదీశ్‌కు ఫోన్ చేసింది. ఆ పాత కారును పన్నెండేళ్లుగా అతనే చూస్తున్నాడు.

"సెల్ఫ్ తిరుగుతుందా వదినా?"

"తిరుగుతుంది. ఇంజన్ అందుకుంటలేదు."

"తాళం సగం తిప్పి జర ఇనుండ్రి. ఎన్క సీటు కింద పెట్రోల్ పంపు గుయ్యిమంటదా?"

ఆమె చెవి పెట్టి విన్నది. బయట పొలాల్లో కప్పలు కూడా అరవడం లేదు.

"ఏం సప్పుడు లేదు."



"స్టీరింగ్ కింద చెయ్యి పెట్టి సూడుండ్రి, పంపు బంద్ చేసే చిన్న స్విచ్ ఉంటది. దొంగలు ఎత్తుకపోకుండ అన్న పెట్టిచ్చిండు. దిగినప్పుడల్లా బంద్ చేస్తుండె. మీకు తెల్వదని, అన్న పోయినంక నేనే ఆన్ చేసి పెట్టిన. గాడ మీతోని ఎవరున్నరు?"

"ఎవరూ లేరు."

వేలికి స్విచ్ తగిలింది. నొక్కింది. వెనక పంపు గుయ్యిమంది. తాళం పూర్తిగా తిప్పగానే ఇంజన్ అందుకుంది.

"ఇగ యాడ ఆగకుండ వచ్చెయ్యిండ్రి వదినా."

భాగ్య ఫోన్ పెట్టేసింది. ఎక్కడ దిగినా ఆయన తొందరగా తిరిగి వచ్చి కారెక్కేవాడు కాదు. ఆమె వంగి, ఎడమ పక్క తలుపు తెరిచి పెట్టింది.