సవతి పోరు

మావటి తెల్లవారి తాళం తీసేసరికి ఏనుగు పక్కకు ఒరిగి పడి ఉంది.

నిలబడే కునుకు తీసే జంతువది. ఒరిగినా కాసేపటికి లేస్తుంది.

ఇది లేవలేదు.

జూ డాక్టరు దాని పక్కటెముకల మీద చెయ్యి పెట్టి చూశాడు.

"జబ్బేం లేదయ్యా. కాళ్లలో సత్తువ ఉంది. లేవాలన్న బుద్ధే లేదు. ఇలాగే ఉంటే దాని బరువే దాని ఊపిరిని నొక్కేస్తుంది."

"ఎంతసేపు ఆగుతుందండీ?"

"పొద్దు వాలేదాకా ఆగితే గొప్పే."

మావటి దానికి కొత్త. ఎక్కడో జూ మూసేస్తే దాన్ని లారీలో ఎక్కించి ఇక్కడికి తోలారు. పాత మావటి గుండె ఆగి పోయాడని మాత్రం చెప్పారు. వచ్చిన నాటి నుంచి అది ఇతని మాట ఒక్కటీ వినలేదు. కాలెత్తమంటే దున్నపోతు మీద వాన. తినమంటే మొహం అటు తిప్పుకునేది.

బోర్డు మీదున్న పేరుతో పిలిచాడు. అరటిగెల నోటి దగ్గర పెట్టాడు. నడుముకు పట్టీలు వేసి ట్రాక్టరుతో లాగించాడు. పట్టీ తెగింది. క్రేను వచ్చింది గాని గేట్లో పట్టలేదు.

"లే తల్లీ. నీ కాళ్లు పట్టుకుంటా," అన్నాడు. నిజంగానే పట్టుకున్నాడు.

పాత జూకి ఫోన్ చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. మూసేసిన చోట ఎత్తే నాథుడెవడు?

ఎండ ముదిరాక గేటు దగ్గరికి ఒకామె వచ్చింది. చంకలో గుడ్డసంచి. కాళ్లకు మోకాళ్లదాకా దుమ్ము.

"మా సవతి ఇక్కడుందట. చూడాలి."

గేటు కాపలా మీసాలాయన నవ్వాడు. "జూలో కాపురం పెట్టించాడా మీ ఆయన?"

"పెట్టించినంత పనే చేశాడు. బతికినన్నాళ్లూ దాన్నే కట్టుకు ఊరేగాడు. చివరికి దాని కాళ్ల దగ్గరే పడి పోయాడు."

"ఎవరమ్మా అది?"

ఆమె చుబుకంతో ఏనుగు వైపు చూపించింది.

మీసాలాయన నవ్వు ఆగిపోయింది. ఆమె అప్పటికే అతన్ని తోసుకుని కంచె దగ్గరికి నడిచింది.

"చాల్లేవే నీ వేషాలు. పొద్దెక్కి ఎంతసేపయింది? లేవవే ముదనష్టపుదానా. నా మొగుణ్ణి మింగావు, నా కాపురం మింగావు, ఇంకా అరగలేదా? లే అంటుంటే."

ఏనుగు చెవి కదిలింది. తొండం మట్టిలో పాకింది. తల జానెడు పైకి లేచి, మళ్లీ నేలకు తగిలింది.

డాక్టరు చేత్తో దాని రొమ్ము అదిమాడు. "గుండె దడదడలాడుతోంది. బెదిరిపోయింది. ముందా నోరు మూయించండి."

మీసాలాయన పరుగున వచ్చి మావటి చెవిలో అన్నాడు. "ఈ ఏనుగు తొక్కేసిన మనిషి పెళ్లాంలా ఉందిరా ఆవిడ. పగబట్టి వచ్చింది."

మావటి కంచె దగ్గరికి వెళ్లి రెండు చేతులూ జోడించాడు.

"అమ్మా, అది చావుబతుకుల్లో ఉంది. పగ తీర్చుకునే వేళా ఇది?"

"పగేంటి? నువ్వు కాస్త జరుగు బాబూ. దాన్ని నాలుగు తిట్టనీ."

"చచ్చేదాన్ని తిట్టడానికి ఇంత దూరం వచ్చావా? నీకు పుణ్యముంటుంది, వెళ్లిపో."

"నేను తిట్టకపోతే అది..."

మాట పూర్తికానివ్వలేదు. మీసాలాయన ఆమె రెక్క పుచ్చుకుని లాగాడు. ఆమె వెనక్కి వెనక్కి తిరిగి తిడుతూనే పోయింది. ఆ గొంతు వినపడినంతసేపూ ఏనుగు చెవి ఆడుతూనే ఉంది.

"బస్సెక్కించి, కండక్టరుకు అప్పజెప్పి మరీ వచ్చా," అన్నాడు మీసాలాయన.

"మంచి పని చేశావు బాబాయ్," అన్నాడు మావటి.

మధ్యాహ్నం డాక్టరు సెలైన్ రెండో సీసా ఎక్కించాడు. మావటి బకెట్లతో నీళ్లు పోస్తూనే ఉన్నాడు. పిలుస్తూనే ఉన్నాడు. గొంతు బొంగురుపోయింది. చెవి మళ్లీ కదలలేదు.

పొద్దు వాలకముందే ఊపిరి ఆగింది.

డాక్టరు గొట్టాలు చుట్టుకుని లేచాడు. మావటి దాని పొట్టకు వీపు ఆనించి కూర్చుండిపోయాడు.

అప్పుడు మోగింది ఫోను.

"పొద్దున ఈ నంబరు నుంచి ఫోన్ వచ్చినట్టుంది. పాత జూ వాచ్‌మన్నండీ. అప్పుడు ఊళ్లో లేను. ఏంటి విషయం?"

"మీరు పంపిన ఏనుగు పోయింది," అన్నాడు మావటి. "ఎంత బతిమాలినా లేవలేదు. మీ మావటి ఏ మాట చెప్పి లేపేవాడో అడుగుదామని చేశా."



"ఆయనకు మాటెక్కడిదండీ, పుట్టుమూగ. వాళ్లావిడే పక్కన నిలబడి లేపేది, తినిపించేది, నడిపించేది. మా సవతి నేను లేకుండా బతకదని నిన్ననే మీ దగ్గరికి బయల్దేరింది... ఆ ఏనుగుకు తెలిసిన మాటలన్నీ ఆవిడ తిట్లేనండీ."