రెండో రిమోట్

"దీంట్లో బొమ్మ రాలేదు నాయనా. ఎట్లన్నా చేసి తెప్పించు."

కువైట్‌లో, ఫర్వానియాలోని సూర్యకిరణ్ రిపేరు దుకాణంలో, కౌంటర్ మీద ఆమె ఒక గుడ్డమూట విప్పింది.

లోపల పాత వీడియో గేమ్ పెట్టె ఉంది. క్యాసెట్ పెట్టి ఆడే రకం. తెల్ల ప్లాస్టిక్ ముసలి పన్నులా పచ్చబడింది. పక్కన రెండు రిమోట్లు, వాటి వైర్లు జడలా అల్లుకుపోయి ఉన్నాయి.

ఆమెకు అరవై దగ్గర పడుతుంటాయి. నల్ల బురఖా, అరిగిన చెప్పులు. మాట రాయచోటి వైపుది.

"ఎవరిదమ్మా ఇది? పనిచేసే ఇంట్లోదా?" అడిగాడు సూర్యకిరణ్. అతనిది అమలాపురం.

"ఆ. రిగ్గైలో. మా పిల్లోనిది."

"ఇది పారేసుకునే సామానమ్మా. మీ మేడమ్ పిల్లోడికి కొత్తది కొనివ్వదేంటి?"

"కొత్తది ఉంటే ఉండనీ. నాకిదే కావల్ల. రేపు ఊరికి పోతాండా. ఖలాస్, మల్లా రాను. పోయేలోపల ఇది ఆడాల."

సూర్యకిరణ్ చిన్న చీటీ తీశాడు. పేరు అడగాలనిపించలేదు. ఇంగ్లీషు అక్షరాల్లో 'ఖద్దామా' అని రాసి పెట్టెకు అంటించాడు. ఇక్కడ పనిమనిషిని అనే మాట అది.

"టైం పడుతుంది. అదిగో, ఆ గుమ్మం బయట కూర్చోమ్మా."

లోపల కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ఆమె వాటి వంక చూసి, బయట మెట్టు మీద కూర్చుంది. బురఖా అంచుతో ముఖం తుడుచుకుంది.

సూర్యకిరణ్ పెట్టెను మూల ఉన్న పాత డబ్బా టీవీకి తగిలించాడు. ఎర్ర లైటు వెలిగింది. తెర మాత్రం నల్లగానే ఉంది.

వైరు మార్చాడు. రాలేదు.

క్యాసెట్ అడుగునున్న పిన్నులను స్పిరిట్‌తో తుడిచాడు. తెర మీద గీతలు పరుగెత్తాయి గానీ బొమ్మ లేదు.

"వచ్చెనా నాయనా?" బయటినుంచి కేక.

"లేదమ్మా."

అతనికి పంతం వచ్చింది. ఫర్వానియాలో తన చేతికి లొంగని సామాను లేదని అతని నమ్మకం. పెట్టె విప్పాడు. బోర్డు మీద ఒక కెపాసిటర్ ఉబ్బిపోయి కనిపించింది. అది పీకి కొత్తది అతికించాడు. మళ్లీ స్విచ్ వేశాడు.

తెర ఒక్కసారి వణికింది. నీలి ఆకాశం, పచ్చని గడ్డి, మధ్యలో టోపీ పెట్టుకున్న బుల్లి మనిషి.

"వచ్చిందమ్మా!"

ఆమె మోకాళ్ల నొప్పులు మరిచిపోయి లోపలికి వచ్చింది. తెరను చూసి కళ్లు ఒత్తుకుంది.

"రెండో రిమోటు గూడా చూడు నాయనా. ఇది ఇద్దరాడేది."

"నువ్వే చూసుకో" అని నవ్వుతూ చేతికిచ్చాడు.

ఆమె నిలబడే ఆడింది. బుల్లి మనిషి గుంతలు దాటాడు, గోడలెక్కాడు, ఎక్కడా పడలేదు. సూర్యకిరణ్ నోరు తెరిచాడు.

"ఎవరు నేర్పారమ్మా నీకు?"

"పిల్లోడే. ఒగడే ఆడితే ఏడుస్తాడని నేనూ నేర్చుకుంటి."

పెట్టెను మూట కట్టుకుని, "నీ చేయి సల్లగుండ" అని దీవించి వెళ్లిపోయింది.

ఆ వారంలోనే దుకాణం ముందు పెద్ద కారు ఆగింది. తెల్లటి దిష్‌దాషా పొడుగు అంగీ వేసుకున్న కువైటీ ఒకాయన దిగాడు. నలభై ఏళ్లుంటాయి. చేతిలో ఆ పెట్టే ఉంది.

సూర్యకిరణ్ గబగబా కుర్చీ లాగి, కూర్చోమంటూ "తఫద్దల్" అన్నాడు.

ఆయన కూర్చోలేదు.

"మా ఇంటి టీవీలో బొమ్మ రాలేదబ్బా. ఈడ వచ్చినాదంట గదా?"

కువైటీ నోట అచ్చమైన రాయచోటి తెలుగు!

"తెలుగు... మీకెలా వచ్చండి?"

"మున్నీ బీ నేర్పించినాది. మొన్న ఈడికొచ్చింది గదా, ఆయమ్మ. ఊరికి పోతా పోతా ఈ పెట్టె నా చేతిలో పెట్టింది. ఇన్నేండ్లూ దాచిపెట్టిందని నాకే తెలీదు."

ఆయన వేలు చీటీ మీద ఆగింది.

"ఇది ఎవరు రాసింది?"

"నేనేనండి." సూర్యకిరణ్ తల దించుకున్నాడు. "ఆవిణ్ణి గుమ్మం బయట కూర్చోబెట్టానండి."

"అది చెప్పలేదే ఆయమ్మ. మంచి పిల్లోడు, బొమ్మ తెప్పించినాడు అనింది."

ఆయన చీటీని గోటితో నెమ్మదిగా ఊడదీశాడు.

సూర్యకిరణ్ చిన్న డబ్బా ఒకటి తెచ్చాడు. "కొత్త టీవీలు ఈ పాత సిగ్నల్ అందుకోవండి. ఇది మధ్యలో పెడితే వస్తుంది."

గోడ మీద ఉన్న పెద్ద టీవీకి తగిలించాడు. బొమ్మ నిండుగా వచ్చింది. ఆయన పసివాడిలా దాన్నే చూస్తూ నిలబడ్డాడు.

"నా పేరు మిషారీ. గుండె డాక్టర్ను. ఇరాక్ సైన్యం వచ్చినప్పుడు నాకు ఐదేండ్లు. మా నాయన మిలిటరీ ఆఫీసరు. అమ్మకు వైద్యమని ఇద్దరూ లండన్ పోయిండిరి. తిరిగి రాలేకపోయిరి. ఇంట్లో నేనూ, ఆయమ్మా."

"మనోళ్లందరికీ అప్పుడు ఇండియాకి విమానాలు పెట్టారంటారు కదండీ?"

"పెట్టినారు. ఆయమ్మకూ సీటుండె. పోలేదు."

"ఎందుకండీ?"

"నన్ను ఎవరికిచ్చి పోతాది?"

మిషారీ ఛాతీ విరుచుకుని చెప్పాడు.

"ఇరవై రెండేండ్ల పిల్ల అప్పుడు. ఆఫీసరు కొడుకు యాడ అని నన్ను వెతుక్కుంటా వచ్చినోళ్ల తుపాకీకి అడ్డం నిలబడి, 'ఈడు నా కడుపున పుట్టినోడు' అనిన మనిషబ్బా ఆయమ్మ."