రెండో డిస్కు

"ఒకటి పోతే పోయింది, రెండోది నిక్షేపంగా తిరుగుతోందిగా?" అంది వదిన, గోడవైపు తిరిగి.

"మా కంప్యూటర్ రిపేరు షాపుకొచ్చే వాళ్ళంతా ఇలా అనుకునే కొంప ముంచుకుంటారు వదినా," అన్నాడతను. కీచుకీచుమంటున్న సర్వర్ పెట్టె స్విచ్ కట్టేసి, మెట్ల కింద గూట్లోంచి బయటికి లాగాడు. ఎడమ భుజం చురుక్కుమంటే, "అమ్మా, భుజం!" అని మూలిగాడు.

అన్న సొంతంగా బిగించుకున్న పెట్టె అది. లోపల రెండు డిస్కులు. ఒకదాంట్లో ఉన్నదే రెండోదాంట్లోనూ ఉంటుంది, ఒకటి చెడితే ఇంకోటి ఆదుకోవాలని. అన్న పోయి నెల కూడా కాలేదు, పొద్దున ఒకటి చెడి కూర్చుంది. రెండోదీ పోయిందంటే, నాలుగేళ్ల పాపకు వాళ్ళ నాన్న గొంతు ఇక వినపడదు. వీడియోలన్నీ అందులోనే ఉన్నాయి మరి.

"రెండూ ఒకే చోట, ఒకేసారి తయారైనవి. ఒకటి పోయిందంటే రెండోదానికీ రోజులు దగ్గరపడ్డట్టే. పైకి బాగుంది కదా అని నమ్మామా, నట్టేట ముంచుతుంది."

వదిన గోడకేసే చూస్తూ అడిగింది.

"మీ అన్నయ్యని చూసిన గుండె డాక్టరు నీకు ఫోన్ మీద ఫోన్ చేస్తున్నారట. వెళ్ళావా?"

"వెళ్తాలే. ముందు ఇది కానీ. నాకేం, గుండ్రాయిలా ఉన్నాను."

"మీ అన్నయ్యా ఇదే మాట అన్నారు. ఆయనకూ ముందు భుజం నొప్పే వచ్చింది."

"అబ్బా! బరువెత్తితే ఎవరికైనా నొప్పి రాదూ?" అని విసుక్కున్నాడు.

అన్న పోయినప్పటి నుంచి వదిన అతని మొహం చూసి మాట్లాడింది లేదు. అతను మీసం తీసేసినా అంతే. ఆమెను తప్పుపట్టలేడు, అయినా ప్రాణం ఉసూరుమంటుంది. పాప గుమ్మంలోకొచ్చి అతన్నే గుడ్లప్పగించి చూస్తుంటే, వదిన గబుక్కున ఎత్తుకుని లోపలికి పోయింది.

కొత్త డిస్కు తగిలించి కాపీ మొదలుపెట్టాడు. మంచినీళ్ళయినా ముట్టకుండా దాని ముందే కూర్చున్నాడు. ఆఖరి వీడియో ఎక్కగానే వదినను కేకేశాడు.

తెర మీద అన్న పాపను మెడమీద ఎక్కించుకుని గంతులేస్తున్నాడు. వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చూసింది. తర్వాత, ఇన్నాళ్ళకి, అతని మొహం వైపు తిరిగింది.

"ఆ చెమటలేంటి?"

"ఉక్కగా ఉంది, అంతే."

ఇంతలో పెట్టెలో మిగిలిన ఆ పాత డిస్కు టకటకా కొట్టుకుంది. ఆగింది. మళ్ళీ ఒక్కసారి కొట్టుకుని, పూర్తిగా ఆగిపోయింది.

"చూశావా! నే చెప్పలా?" అంటూ అతను గెలిచినవాడిలా నవ్వాడు. భుజంలో నొప్పి మెల్లగా చేతిలోకి దిగుతోంది.

అతను అన్నకంటే పది నిమిషాలే చిన్న.