తుపాను నాటి కుట్లు

"ఆ డాక్టరుబాబు మీద కేసెయ్యను తల్లీ. నన్నొగ్గేయండి," అంది లక్ష్మణమ్మ, కుర్చీలోంచి సగం లేచి.

"కూర్చో లక్ష్మణమ్మా," అన్నాడు పక్కనున్న నరసింగరావు. డెబ్బై దాటిన మనిషి. ఆమెని కోటబొమ్మాళి నుంచి రాజాం దాకా బస్సులో వెంటబెట్టుకొచ్చింది ఆయనే.

లాయరు లీలారాణి విశాఖ ఆసుపత్రి వాళ్ళిచ్చిన కాగితం మళ్ళీ చదివింది. లక్ష్మణమ్మ కడుపులోంచి గాజుగుడ్డ తీశారు. పంతొమ్మిదేళ్ళ కిందట కాన్పు ఆపరేషన్లో లోపలే వదిలేసి కుట్టేసిన గుడ్డ.

"ఇది బయటపడి మూడు నెలలే. తెలిసిన రోజు నుంచి రెండేళ్ళలోపు వినియోగదారుల కమిషన్‌కి వెళ్ళొచ్చని వాదిస్తాం. ఈమెకి మీరే నచ్చజెప్పండి," అంది ఆయనతో.

"మీకు తెల్దు తల్లీ," అంది లక్ష్మణమ్మ. "ఆ రోజు తుపాను. కడుపులో పిల్ల అడ్డం తిరిగిపోనాది. టెక్కలి ఎల్దామంటే రోడ్డు నిండా సెట్లు పడిపోనాయి. టేసను పక్క పెంకుటాసుపత్రిలో కరెంటు లేదు. బేబీ నర్సమ్మ టార్చి పట్టుకుంటే ఆ బాబు కోసినాడు. మా శ్రావణి కేరుమనగానే నవ్వినాడు సూడు, ఆ నవ్వు ఇప్పటికీ నా కళ్ళల్లోనే ఉన్నాది. మేం ఆసుపత్రిలో ఉన్న వారం రోజులూ పొద్దున్నే రేడియో ఎట్టి, పిల్లని ఒళ్ళో ఏసుకుని కాఫీ తాగీవోడు."

నరసింగరావు కిటికీ వైపు చూశాడు.

"ఆ ఆసుపత్రి ముందు పొగడచెట్టు ఉండేది. వరండా నిండా పువ్వులు. బాలింతలు కూర్చుని దండలు గుచ్చేవారు." ఆయన గొంతు మెత్తబడింది. అంతలోనే గట్టిపడింది. "గుడ్డలు లెక్కపెట్టాలమ్మా. తుపానైనా లెక్కపెట్టాలి. నవ్వడానికి తీరిక దొరికినవాడికి లెక్కపెట్టడానికి దొరకలేదా? ఈమె మళ్ళీ ఊడ్పులకి వంగలేదు. గ్యాసన్నారు, అల్సరన్నారు. ఇన్నేళ్ళూ మాత్రలు మింగుతూ బతికింది."

లక్ష్మణమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది. "కావాలని సేసినాడేటి?"

"కావాలని చేశాడని మనం అనం," అంది లీలారాణి. "చెయ్యాల్సిన పని చెయ్యలేదంటాం. కడుపులో గుడ్డే దొరికాక పెద్ద సాక్ష్యాలక్కర్లేదు. ఆ రోజు కేస్ షీటుంటే చాలు."

నరసింగరావు సంచిలోంచి పసుపుబారిన కాగితాలు తీసి బల్ల మీద పెట్టాడు. లీలారాణి ఒక్కొక్కటే తిప్పింది. చివరి పేజీలో ఆగింది.

"సంతకం అర్థం కావట్లేదు. ఈ డాక్టరెవరు? ఇంకా ఉన్నారా?"

లక్ష్మణమ్మ చటుక్కున ఆయన చెయ్యి పట్టుకుంది. "వద్దు బాబూ... సెప్పకండి."

ఆయన ఆ చేతిని మెల్లగా విడిపించుకున్నాడు.

"ఆ సంతకం నాదేనమ్మా."