కప్పలు ఊరుకున్న చోటు

వేసవిలో పిట్టలు, చలికాలంలో వలస బాతులు, వానాకాలంలో కప్పలు. కుట్టుపనికి సెలవు దొరికినప్పుడల్లా ఆ దర్జీ కెమెరా మెడలో వేసుకుని ఊరవతలి మడుగుకు పోతుంది. ఇంట్లో అందరూ ఆమెను కప్పలమ్మ అంటారు.

ఆ రాత్రి తోడొచ్చిన చెల్లెలు కారు దిగలేదు. "జలగలతో నాకు చుట్టరికం వద్దే అక్కా, నువ్వే వెళ్ళిరా," అంది.

కప్పలమ్మ గట్టున గొంతుక్కూర్చుని, గొంతు బుడగలా ఉబ్బించి అరుస్తున్న ఓ కప్పను ఫొటో తీస్తోంది. మడుగంతా చెవులు చిల్లులు పడేలా బెకబెకలు. ఉన్నట్టుండి అవతలి ఒడ్డున కొంతమేర కప్పలు ఊరుకున్నాయి. మనిషి నడిచొస్తే అవి అలాగే ఊరుకుంటాయని ఆమెకు తెలుసు. ఆ నిశ్శబ్దం గట్టు వెంబడి మెల్లగా ఆమె వైపే వచ్చింది. అది దాటిన చోటల్లా కప్పలు మళ్ళీ అందుకున్నాయి. టార్చి వేసి చూస్తే గట్టు మీద ఎవరూ లేరు.

చివరికి ఎదురుగా ఉన్న కప్ప కూడా అరుపు ఆపి నీళ్ళలోకి దూకేసింది.

ఆమె లేచి నిలబడింది. అయినా పరుగెత్తలేదు. కెమెరా సర్దుకుని, వెనక్కి చూడకుండా మామూలుగా నడిచింది. దారి పక్క గుంటల్లో కప్పలు ఆమె దాటిపోగానే అందుకోలేదు. ఇంకొకరు దాటేదాకా ఆగినట్టు, కాసేపాగి అందుకున్నాయి.

కారు దగ్గరికి చేరేసరికి చినుకులు మొదలయ్యాయి. చెల్లెలు ముందు తలుపు తీసి, వెనక్కి వంగి వెనక తలుపు కూడా తీసింది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ అక్కను ఒక్కసారైనా "మీరు" అనని పిల్ల.

"తడిసిపోతున్నారు, రండి," అంది నవ్వుతూ. "ఎక్కండి."