ఆరు బ్యాడ్జీలు

పొద్దున్నే ఫోనొచ్చింది. వీరరాఘవయ్యగారు కాఫీ కూడా పూర్తి చెయ్యకుండా మేడమీంచి చెప్పులు టపటపలాడించుకుంటూ దిగి, నేరుగా సి.టి. గదిలోకి వెళ్ళి భావన మీద పడ్డారు.

"అమ్మాయ్, నా కొంప ముంచావు."

భావన ఆ స్కానింగ్ సెంటర్లో టెక్నీషియన్. మిగతా అయిదుగురికీ పెద్ద. రేడియేషన్ జాగ్రత్తల బాధ్యత కూడా, జీతం పెంచకుండా, ఆమెకే అప్పజెప్పారు.

వీరరాఘవయ్యగారు ఒకప్పుడు సినిమాలు తీశారు. జనం చూడలేదు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు చాన్నాళ్ళు జనాన్నే తిట్టుకున్నారు. ఆ తర్వాత ఫిల్మ్ నగర్‌లో తన ఇంటి కింది అంతస్తులో ఈ సెంటర్ తెరిచి, భార్యతో మేడమీద ఉంటున్నారు. సినిమాకి రాకపోయినా నడుంనొప్పొస్తే రాక చస్తారా అని ఆయన ధైర్యం. పాత ప్రొడక్షన్ మేనేజర్ సాయిశ్రీనివాసే ఇక్కడా మేనేజర్.

అంతా బాగానే ఉంది. బ్యాడ్జీలే కొంప ముంచాయి. ఇలాంటి చోట పనిచేసేవాళ్ళందరికీ పేరు రాసిన బ్యాడ్జీ ఒకటుంటుంది. ఒంటికి ఎంత రేడియేషన్ తగిలిందో అది పట్టి ఉంచుకుంటుంది. మూడు నెలలకోసారి దాన్ని ల్యాబ్‌కి పంపించి లెక్క చూపించుకోవాలి. పోయినసారి తనిఖీకొచ్చినవాళ్ళు, ఆరుగురూ ఛాతీమీద బ్యాడ్జీలతో వరసగా నిలబడితే, "ఇంత శ్రద్ధ ఎక్కడా చూళ్ళేదండీ" అని మెచ్చుకుని టీ తాగి వెళ్ళారు. ఆ ఫొటోకి ఫ్రేము కట్టించి రిసెప్షన్లో పెట్టారు.

ఇప్పుడా ఆరు బ్యాడ్జీలూ హద్దు దాటాయి. ఏడాది మొత్తానికి మించకూడనిది మూడు నెలల్లోనే మించిందని పొద్దున ఫోన్లో చెప్పింది ల్యాబ్‌వాళ్ళే. తనిఖీవాళ్ళకి సంజాయిషీ ఇవ్వకపోతే సెంటర్‌కి తాళం పడుతుంది.

"ఆరుగురిలో మన రిత్విక్ పెళ్ళికని నెల కిందటే ఊరెళ్ళి ఇంకా రాలేదు సార్. వాడిది కూడా అంతే వచ్చింది," అన్నాడు సాయిశ్రీనివాస్ నసుగుతూ.

"శుభమా అని పెళ్ళి చేసుకుంటూ కూడా ఒళ్ళు దగ్గర పెట్టుకోలేదన్నమాట వెధవ." వీరరాఘవయ్యగారు భావన వైపు తిరిగారు. "తప్పు నాదే, నా అజాగ్రత్త వల్లే జరిగిందని రాసి సంతకం పెట్టు. రేపట్నించి రావక్కర్లేదు."

ఎర్రగడ్డలో ఇంటి కిరాయి, పిల్లల చదువు, మంచం పట్టిన అత్తగారు, అన్నీ భావన జీతం మీదే నడుస్తున్నాయి.

"నేను రాసియ్యను సార్. ఇట్ల పేరు పడితే నన్ను ఇంకే సెంటర్ల తీసుకోరు. అసలు నాకేం తగల్లేదు."

"బ్యాడ్జీ మీద నీ పేరుందా లేదా?"

"ఉంది సార్."

"మరి నీకు కాక నాకు తగులుతుందా?"

భావన ఆయన మొహంలోకి అట్లాగే చూసింది. కోపం పోయి జాలి వేసింది. మనిషి ఎంతటివాడైనా చెప్పక తప్పదనుకుంది.

"సార్, ఎందుకైనా మంచిది, మీరొకసారి రక్తపరీక్ష చేయించుకోండ్రి. అమ్మగారికి గూడ."

"నాకేం రోగం? పిచ్చనా నీ ఉద్దేశం? ఉద్యోగం పోతుంటే ఎంత పొగరో చూశావా సాయీ?"

సాయి చూడలేదు. అతను పైకప్పు కేసి చూస్తున్నాడు. ఈ గది కట్టించేటప్పుడు రేడియేషన్ బయటికి పోకుండా ఆపే సీసం రేకులు గోడల వరకే చాలన్నారు అయ్యగారు. పైన బయటివాళ్ళెవరూ లేరుగా, ఉండేది మనమేగా, దండగ ఖర్చెందుకన్నారు. ఆ మాటకి అప్పుడు తలూపింది తనే.

"ఏంట్రా, నోట మాట రాదేం?" అన్నారు వీరరాఘవయ్యగారు.

పోగొడతారని, తనిఖీ అయిన సాయంత్రమే షూటింగ్ కాస్ట్యూముల్లా ఆరు బ్యాడ్జీలూ వెనక్కి తీసుకుని ఆయన మూడు నెలలూ తాళం వేసి పెట్టుకున్నది, సరిగ్గా ఆ గదికి పైన, తన మంచం తలాపునున్న సొరుగులో.